జెట్టులో నలుసు, ఇంటి మీద సూద్

మన ఇళ్లలో పాత బండి మొరాయిస్తే మొదట వినపడే మాట "ఇంజను పోయింది". రెండోది "ఇక దీని మీద పైసా పెట్టడం దండగ, అమ్మేయండి". మూడో మాట షోరూం కుర్రాడిది: "ఐదు వేలు కట్టి బండి తీసుకెళ్లండి సార్, మిగతాది ఫైనాన్సు." ఈ మూడు మాటలూ ఒక్కోసారి ఒక్క రోజులోనే అయిపోతాయి. ఫజ్ర్ వేళకు ఆ ఇంటికి సూద్ అంటే తెలియదు. ఇషా అయ్యేసరికి మూడేళ్ల సూద్ మీద సంతకం పడిపోయి ఉంటుంది.

జుమా ఖుత్బాల్లో సూద్ గురించి వింటూనే ఉంటాం. సూద్ హరామ్ అని తెలియని ముసల్మాను పాలకొల్లులోనూ లేడు, పక్కనున్న నరసాపురంలోనూ లేడు. అయినా మన ఇళ్లలోకి సూద్ వచ్చే దారుల్లో పెద్దది బండి ఫైనాన్సే. అది మజ్బూరీ అంటాం. నిజంగా మజ్బూరీ అయిన ఇళ్లు ఉన్నాయి, కాదనను. కానీ ఆ మజ్బూరీ వెనకాల చాలాసార్లు ఉండేది కార్బురేటర్‌లో ఒక నలుసు. వెంట్రుక దూరేంత సందు ఉండే ఇత్తడి జెట్టులో పేరుకున్న జిగురు. గంట పనితో, ఇంటి అరుగు మీదే పోయే రోగం అది. ఆ గంట పని తెలియకపోవడానికి మనం కడుతున్న ధర ఎంతో ఒకసారి లెక్క వేద్దాం.

ఉదాహరణకు 80 వేలు అప్పు, 10 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకోండి. బండ్ల ఫైనాన్సులో ఎక్కువగా చెప్పేది ఫ్లాట్ వడ్డీ. అంటే నెలనెలా అసలు తీరుతూ ఉన్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు 80 వేల మీదే లెక్క కడతారు. మూడేళ్లకు వడ్డీ 24 వేలు, నెలకు 2,889 రూపాయల కిస్తీ. తగ్గుతున్న అసలు మీద లెక్క వేసి చూస్తే ఆ 10 శాతం నిజానికి 18 శాతం దాకా తేలుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో షోరూముల్లో ఎక్స్ఛేంజి మేళాల సందడి ఇంకా పెరిగింది. ధర తగ్గడం మంచిదే. నగదు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, హలాల్ సంపాదనతో కొత్త బండి కొనడంలో తప్పేముంది? నా మాట నగదు లేనివాళ్లతోనే.

మన ఇళ్లలో బండి షోకు కాదు, రిజ్క్. తెల్లారితే బట్టల మూట కట్టుకుని పోడూరు, ఆచంట ఊళ్లు తిరిగేవాళ్లు, చించినాడ వంతెన దాటి కోనసీమలోకి ప్లాస్టిక్ సామాను వేసుకెళ్లేవాళ్లు, పరుపులు కుట్టడానికి దూది బస్తా కట్టుకుని పోయే నూర్‌బాషా సోదరులు, వీళ్లందరి కింద ఉండేది స్ప్లెండరో, ప్యాషనో, టీవీఎస్ ఎక్సెలో. వాటిలో హీరో హోండా పేరున్నవి ఇప్పటికీ కనిపిస్తాయి. హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబరులో. ట్యాంకు మీద ఆ రెండు పేర్లూ కలిసి ఉన్న బండి అంటే దానికి ఒక పుష్కరం దాటిందన్నమాటే. పదిహేనేళ్లు నిండినా మన రాష్ట్రంలో ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని నడుపుకోవచ్చు. ఢిల్లీ రూలు టీవీలో చూసి ఇక్కడ భయపడి అమ్ముకోవద్దు.

ఇంతకీ ఏం పాడవుతోంది?

పెట్రోలు ట్యాంకు అడుగున ఉన్న కాక్ గుండా, రబ్బరు పైపులోంచి కార్బురేటర్‌లోకి దిగుతుంది. అక్కడ చిన్న గిన్నె ఉంటుంది, దాన్నే ఫ్లోట్ ఛాంబర్ అంటారు. మరుగుదొడ్డి సిస్టర్న్‌లో బంతి ఎలా పైకి లేచి నీళ్లు ఆపుతుందో, ఇక్కడ ఫ్లోట్ లేచి సూది మొనలాంటి నీడిల్‌తో పెట్రోలును అలా ఆపుతుంది. గిన్నెలో మునిగి రెండు ఇత్తడి జెట్లు ఉంటాయి. మెయిన్ జెట్టు పరుగుకి, స్లో జెట్టు నిలబడి ఉన్నప్పటికి. ఈ స్లో జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బండి కొన్ని వారాలు కదలకపోతే గిన్నెలో పెట్రోలు ఆవిరై అడుగున జిగురు మిగులుతుంది. ట్యాంకులో తుప్పు రాలుతుంది. మొదట మూసుకుపోయేది స్లో జెట్టే.

దాని నిశానీ స్పష్టంగా ఉంటుంది. చోక్ లాగితేనే స్టార్టవుతుంది, చోక్ మూస్తే చచ్చిపోతుంది. యాక్సిలరేటర్ పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే సిగ్నలు దగ్గర ఆగిపోతుంది. ఇలా ఉంటే ఇంజను పోలేదు. ఇంజను బోర్ నిజంగా అరిగిన బండి తీరు వేరు: సైలెన్సర్‌లోంచి నీలం పొగ, తగ్గిపోయే ఆయిలు, కిక్ కొడితే కాలికి తగలని ఒత్తిడి. ఈ రెంటికీ తేడా తెలిసిన ఇంటిని ఎవరూ "ఇంజను పోయింది" అని భయపెట్టలేరు.

ఇక్కడ పెట్రోలు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీద రెండు రకాల అతి మాటలు నడుస్తున్నాయి. పెట్రోలులో ఇథనాలు కలపడం 2003లో 5 శాతంతో మొదలైంది. 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకుని, తర్వాత ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. ఇప్పుడు బంకులో మనకు పోసేది ఇ-20. ఇథనాలు లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఎంచుకునే వీలు మనకు లేదు. చెరకుతో పాటు మొక్కజొన్న, నూకలు, బియ్యం నుంచి కూడా ఇథనాలు తీస్తున్నారు. వరి పండించే మన డెల్టా వాళ్లకు ఇందులో ఏదో వింత కనిపిస్తుంది, అన్నం గిన్నెలోది ట్యాంకులోకి వచ్చినట్టు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఒక పక్షం "ఏమీ కాదు" అంటుంది. ఇంకో పక్షం "బండ్లన్నీ నాశనం" అంటుంది. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే పాత రకం టూవీలర్లకు ఇ-20తో మైలేజీ 3, 4 శాతం తగ్గుతుందని రాసి ఉంది. ఇ-20ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు బండ్లలో పైపులు, ఓ-రింగులు ఉబ్బడం, గట్టిపడి పగలడం త్వరగా జరగవచ్చు. అసలు ఫికర్ మాత్రం నీళ్లది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకుని ఇంజనులోకి తీసుకుపోతుంది, దానివల్ల ఇబ్బంది లేదు. హద్దు దాటితే మాత్రం ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. పెరట్లో కాలువ, నెలల తరబడి వాన, గోడలకే చెమట పట్టే పాలకొల్లులో, సగం ఖాళీ ట్యాంకుతో బండిని వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రిజర్వులో పెట్టినప్పుడు కాక్ ట్యాంకు అడుగు నుంచే లాగుతుంది. "రిజర్వులో వేస్తే చాలు, బండి కొట్టుకుంటోంది" అనే ఫిర్యాదుకి కారణం అక్కడే వెతకాలి.

అయినా రోజూ నడిచి, రెండు మూడు రోజులకోసారి పెట్రోలు పోయించుకునే పాత స్ప్లెండర్ ఇ-20తో చచ్చిపోదు. కదలని బండికే ప్రమాదం.

ఇప్పుడు పని. ముందు జాగ్రత్త. బండి చల్లగా ఉండాలి, ఆరుబయట ఉండాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ, సిగరెట్టు, చివరికి ఊదుబత్తి కూడా వద్దు. పిల్లలు చూడొచ్చు, దూరం నుంచి. వేలాడే దుపట్టా, లూజు చేతులు వద్దు. కావలసినవి ఒక పానా సెట్టు, సరైన సైజు పేచ్‌కస్‌లు, ఒక గాజు సీసా, కార్బ్ క్లీనర్ స్ప్రే, తెల్లటి పాత గుడ్డ. గుడ్డ తెల్లగా ఎందుకంటే ఊడిన చిన్న భాగం దాని మీద కనిపిస్తుంది.

కార్బురేటర్ ఊడదీయక ముందే రెండు పరీక్షలు చేయాలి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. మొదటిది: కార్బురేటర్ గిన్నె అడుగున ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కాక్ మూసి, ఆ స్క్రూ వదులు చేసి లోపలి పెట్రోలు సీసాలో పట్టండి. కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర, బుడగలు, ఎర్రటి పొడి కనిపిస్తే నీళ్లు, తుప్పు ఉన్నట్టు. అప్పుడు కార్బురేటర్ కడిగినా లాభం లేదు, ముందు ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. లేకపోతే వారంలో మళ్లీ అదే కథ.

రెండోది: కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలోకి పెట్టి కాక్ తెరవండి. ధార ఆగకుండా రావాలి. సన్నగా వచ్చి ఆగిపోతే ట్యాంకు మూత తీసి చూడండి. మూత తీయగానే "ఉస్" మని గాలి పీల్చి ధార మళ్లీ వస్తే రోగం మూతలోనే ఉంది. దానికి గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది, మట్టి పట్టి అది పూడుకుపోతుంది. బండి నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగడం, పావుగంట ఆగితే మళ్లీ స్టార్టవడం, ఇది దాని తీరు. దీనికి కూడా కార్బురేటర్ మార్చమన్న వాళ్లను చూశాను. మూత తీసినా ధార రాకపోతే కాక్‌లో జాలీ మూసుకుపోయింది.

ఈ రెండూ బాగుంటే అప్పుడు కార్బురేటర్. ప్రతి మెట్టులోనూ ఫోనుతో ఫోటో తీసుకోండి, ఏది ఎక్కడిదో గొడవ ఉండదు. గిన్నె స్క్రూలు విప్పి గిన్నె దించండి. ఫ్లోట్ పిన్ను నెమ్మదిగా లాగితే ఫ్లోట్, దానితో నీడిల్ వస్తాయి. నీడిల్ మొన మీద గీత పడి ఉంటే, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతూ ఉంటే, కొత్త నీడిల్ వేయాలి. జెట్లను సరిగ్గా గాడిలో కూర్చునే పేచ్‌కస్‌తోనే తిప్పాలి. ఇత్తడి మెత్తన. సైజు తప్పితే గాడి చెదిరి, జెట్టు అక్కడే ఇరుక్కుని, నిజంగానే మెకానిక్ దగ్గరికి పోవాల్సి వస్తుంది.

తీసిన స్లో జెట్టును వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. చుక్కలా గుండ్రంగా వెలుగు కనిపించాలి. కనిపించకపోతే దొంగ దొరికినట్టే. స్ప్రే కొట్టి నాననివ్వండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ స్ప్రే కంట్లో పడితే మామూలు మంట కాదు. అప్పటికీ పోకపోతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు తీసి దూర్చండి. కుట్టు సూది, గుండుసూది, స్టీలు తీగ మాత్రం వద్దు. అవి రంధ్రాన్ని పెద్దది చేస్తాయి. తర్వాత బండి జీవితాంతం పెట్రోలు తాగుతూనే ఉంటుంది. జెట్టు దిగే దారిలోకి, ఎయిర్ స్క్రూ రంధ్రంలోకి కూడా స్ప్రే కొట్టాలి. ఎయిర్ స్క్రూ తీసే ముందు దాన్ని లోపలికి మెల్లగా బిగించి, తాకే వరకు ఎన్ని చుట్లు పట్టాయో రాసుకోండి. మళ్లీ పెట్టేటప్పుడు తాకే వరకు బిగించి, అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. మామూలుగా ఒకటిన్నర, రెండున్నర మధ్య ఉంటుంది. బలంగా బిగిస్తే మొన విరుగుతుంది.

పాత రబ్బరు పైపు, గిన్నె ఓ-రింగు తీసినప్పుడే కొత్తవి వేయండి, ఇథనాలుకి తట్టుకునేవి కావాలని అడిగి తీసుకోండి. ఇందులో పిసినారితనం వద్దు. పగిలిన పైపులోంచి వేడి ఇంజను మీద పెట్రోలు కారితే అది బండిని, మనిషిని కలిపి తినేస్తుంది. అన్నీ బిగించాక కాక్ తెరిచి రెండు నిమిషాలు ఎక్కడా చెమ్మ లేదని చూసి, ఆ తర్వాతే బిస్మిల్లాహ్ చెప్పి కిక్ కొట్టండి.

ఇదంతా కార్బురేటర్ బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనువి. వాటిలో పెట్రోలు పంపు ఒత్తిడితో ఉంటుంది, కంప్యూటర్ ఉంటుంది. వాటి జోలికి పేచ్‌కస్‌తో పోవద్దు.

ఒక ప్రశ్న వస్తుంది: వీధి చివర మెకానిక్ ఈ పని కొన్ని వందలకి చేస్తాడు కదా, మనం చేతులు నల్లగా చేసుకోవడం ఎందుకు? పైగా ఆ మెకానిక్ మనవాడే. నిజమే, కోస్తా ఊళ్లలో ఎన్ని షెడ్లకు ఉస్తాద్ మన భాయో లెక్క లేదు. షెడ్డు భాషే సగం ఉర్దూ. పానా, పేచ్‌కస్, ఉస్తాద్. "మరమ్మతు" అన్న మాటనే తీసుకోండి, తెలుగు పత్రికలన్నీ రాసే ఆ మాట అరబీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఊరికి వచ్చింది. తెలుగులో డిగ్రీ చదివినప్పుడు ఇలాంటి మాటలు పుస్తకంలో కనిపిస్తే ఇంటి మనిషి ఎదురైనట్టుండేది. మాట మిగిలింది, హునర్ మాత్రం ఇళ్లలోంచి జారిపోతోంది.

మెకానిక్ నోటి దగ్గర ముద్ద లాక్కోమని నేను అనడం లేదు. నిజాయతీగల ఉస్తాద్‌కి, పని తెలిసిన గిరాకీ అంటేనే ఇష్టం. "భాయ్, చోక్ మీద నడుస్తోంది, స్లో జెట్టు చూడు" అని చెప్పేవాడికి ఆయన ఇంజను విప్పడు, విప్పాల్సిన పనే రాదు. భయమంతా ఏమీ తెలియని ఇంటికే. అందులోనూ మగవాళ్లు లేని ఇంటికి.

మగవాళ్లు లేని ఇళ్లు మన వైపు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కొడుకు కువైట్‌లో, భర్త మస్కట్‌లో. పెరట్లో గోనె సంచి కప్పుకుని బండి. రెండేళ్లకు సెలవు మీద వచ్చి కిక్ కొడితే స్టార్టవదు. ఉండేది నలభై రోజులు, తిరగాల్సిన పెళ్లిళ్లు, చూడాల్సిన బంధువులు. ఓపిక ఉండదు. పాత ఇనుము ధరకు బండి పోతుంది, కిస్తీ మీద కొత్తది వస్తుంది. అతను విమానం ఎక్కేశాక ఆ కిస్తీ కట్టే తేదీని గుర్తుపెట్టుకుని ఫికర్ పడేది ఇంట్లో అమ్మీనో, ఆయన బీబీనో.

అందుకే ఈ పని మన ఖవాతీన్ కూడా నేర్చుకోవాలంటాను. కుట్టు మిషన్‌లో బాబిన్ విప్పి, నూనె వేసి, టెన్షన్ స్క్రూ సరిచేసుకునే చేతికి ఫ్లోట్ గిన్నె లెక్క కాదు. ఆ మిషన్ పనే దీనికంటే సున్నితం. ఇంటి పని చిన్నతనమనుకునే మగవాళ్లకు కూడా ఒక మాట. మన ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పులు తామే బాగుచేసుకునేవారనీ, బట్టలు తామే కుట్టుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి మిలాద్ జల్సాల్లో విని తలలు ఊపుతాం. ఇంటికొచ్చి చోక్ వైరు తెగితే మనిషిని పిలుస్తాం.

పిల్లల విషయంలో మాత్రం ఒక తేడా పట్టుకోవాలి. హునర్ నేర్పడం వేరు, ఏడో తరగతి పిల్లవాణ్ని బడి మాన్పించి షెడ్డులో శాగిర్దుగా పడేయడం వేరు. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించడం చట్టం ప్రకారం నేరం. ఆదివారం ఇంటి బండి దగ్గర కూర్చోబెట్టి స్లో జెట్టు చూపిస్తే, బడిలో చదివిన గాలి ఒత్తిడి పాఠం వాడికి అక్కడ అర్థమవుతుంది. ఆడపిల్లకీ అంతే.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు వెళ్లే ముందు రోజు సగం గంట బండికి ఇవ్వండి. కాక్ మూసి, దానంతట అది ఆగేదాకా ఇంజను నడపండి, గిన్నెలో మిగిలింది డ్రెయిన్ స్క్రూతో దించేయండి. రెండు మూడు నెలలే అయితే ట్యాంకు నిండా పోయించి మూత బిగించండి, గాలికి చోటు లేకపోతే తేమకీ చోటుండదు. ఏడాది, రెండేళ్లయితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఆ పెట్రోలు నడిచే బండికి పోసేసి, ట్యాంకులో కాస్త ఇంజనాయిలు వేసి అన్ని వైపులా తిప్పండి, తుప్పు పట్టదు. లేదా ఇంట్లో ఎవరో ఒకరు వారానికోసారి ఆ బండి మీద బజారుకు వెళ్లి రావాలి. మా ఓటు ఈ రెండోదానికే.

సీసాలో పట్టిన మురికి పెట్రోలు ఉంటుంది కదా, దాన్ని వెనక కాలువలోకి వంచకండి. మన ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువల నీళ్లతోనే. మూత పెట్టి మెకానిక్ భాయ్‌కి ఇవ్వండి, గొలుసులు కడుక్కుంటాడు.